భిక్ష గాదు, పుస్తకము

మన పట్టణములలో ఏటేట నొక యుత్సవము జరుగుచుండును. వేదిక కట్టుదురు, పూలమాలలు తెత్తురు. చూపులేని బాలబాలికల నొక వరుసగా నిలువబెట్టి, ఒక్కొక్కరి చేత నొక ల్యాప్‌టాప్ గాని, ట్యాబ్ గాని, స్మార్ట్‌ఫోను గాని పెట్టి ఛాయాచిత్రము తీయింతురు. మఱునాడది పత్రికలలో వచ్చును. దాతగారి చిరునవ్వు చిత్రములో స్పష్టముగా నుండును. ఆ బాలుడు ఇంటికేగి ఆ యంత్రమును తెఱచి తెలుగు పాఠము చదువబోయినప్పు డేమి జరిగినదో వ్రాయు విలేఖరి మాత్ర మరుదు. ఆ సంగతి మేమిచ్చట వ్రాయుచున్నాము.

యంత్రములో దోషము లేదు. మొదట నది చెప్పుట న్యాయము. తెరమీది యక్షరమును చదివి వినిపించు స్క్రీన్ రీడర్ అను సాధనము నేడు వింత గాదు. 2006లో ఆస్ట్రేలియా దేశమున మైకేల్ కరన్ అను అంధ యువకుడు ఎన్.వి.డి.ఏ. అను స్క్రీన్ రీడరును నిర్మింప నారంభించెను. జేమ్స్ టే అను మఱియొక యంధుడు ఆతనితో చేరెను. చూపున్నవాడు కంప్యూటరు కొన్న వెలకే చూపులేనివాడును దానిని వాడుకొనగలుగవలయునని వారి పట్టుదల. అందుచే దానిని లోకమున కుచితముగా నొసగిరి. అది తెలుగును గూడ చదువును. గొంతు కొంచెము కర్కశము. వినగా వినగా అలవాటగును. చేతి ఫోనులలోను 2009వ సంవత్సరము నుండి ఇట్టివి వచ్చి చేరినవి: ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్, ఐఫోనులో వాయిస్‌ఓవర్. వీనికై వేఱుగ నొక్క రూపాయి చెల్లింప బనిలేదు. సెట్టింగులలో నొక మీట నొక్కిన చాలును, ఫోను మాటాడును.

మఱి లోప మెక్కడ? ఆ బాలుడు తెలుగు పుస్తకమును తెఱచును. యంత్రము మౌనము వహించును. లేదా అర్థము లేని ఆంగ్ల ధ్వనులను, చిహ్నముల పేర్లను గుక్క త్రిప్పుకొనక వల్లించును. మౌనమునకు కారణము సులభముగ బోధపడును. ఆ పి.డి.ఎఫ్. పుస్తకము గాదు, పుటల ఛాయాచిత్రముల మూట. బొమ్మలోని యక్షరము స్క్రీన్ రీడరునకు అక్షరము గాదు. రెండవదానికి కారణ మింతకంటె విచిత్రమైనది. మన పాఠకులలో పెక్కురకు తెలియనిది గావున కొంచెము నిదానించి చెప్పవలసియున్నది.

కంప్యూటరు కడుపులో ప్రతి యక్షరమునకు నొక సంఖ్య యుండును. యూనికోడ్ అను సర్వభాషా సంకేతపట్టికలో మన తెలుగు లిపికి 1991లోనే స్థానము లభించినది. 'క' అను నక్షరమునకు అందొక నియతమైన సంఖ్య. అది హైదరాబాదులోను, అమెరికాలోను ఒక్కటే. ఆ సంఖ్య కనబడినచో స్క్రీన్ రీడర్ 'క' అనియే పలుకును. కాని మన ముద్రణశాలలు కంప్యూటరు కూర్పునకు దిగిన తొలిదినములలో వేఱొక యుపాయము పట్టినవి. ఆంగ్లాక్షరములకును, వాని చుట్టపు చిహ్నములకును కేటాయించిన సంఖ్యలనే తీసికొని, వానిపై తెలుగు బొమ్మలను అతికించినవి. తలకట్టొక చోట, దీర్ఘమొక చోట, వత్తొక చోట. నేటికిని వాడుకలోనున్న అను ఫాంట్స్ మొదలగు పాత లిపులు ఈ జాతివే. కాగితముపై జూచిన అక్షరములు ముత్యములవలె నుండును. లోపల జూచిన అవి తెలుగే గావు. తెలుగు వేషము వేసికొన్న ఆంగ్ల చిహ్నములు. కంటికి వేషము కనబడును. చెవికి వేషము లేదు గావున ఉన్నదున్నట్లు వినబడును.

ఆనాడు వేఱు దారి లేదని ముద్రాపకు లందురు. అది నిజమే. మన గుణింతములను, వత్తులను యూనికోడులో సరిగా కూర్పలేని సాధనములతో వారు పనిచేసిరి. కాని ఆ దినములు గడచినవి. నేటి పుటల కూర్పు సాధనములు యూనికోడ్ తెలుగును చక్కగా స్వీకరించుచున్నవి. పాత లిపిలోని వ్రాతను యూనికోడునకు మార్చు సాధనములు కలవు. గిడుగు, గురజాడ, సురవరము, మల్లన్న, తిమ్మన అను పేర్లతో సొంపైన యూనికోడ్ లిపులు గూగుల్ ఫాంట్స్ నుండి ఎవరైనను ఉచితముగ దించుకొనవచ్చును. అయినను ప్రచురణకర్తలలో పలువురు పాత కూర్పునే పట్టుకొని వ్రేలాడుచున్నారు. ఏలయని యడిగిన 'అలవాటు' అందురు. మఱి గ్రుచ్చి యడిగిన 'అచ్చులో అందము' అందురు. ఒకరి అలవాటునకు మఱియొకరి చదువు వెల యగుట న్యాయమా?

గిడుగు పేరు వచ్చినది గావున నొక మాట. గిడుగు రామమూర్తి పంతులుగారు సవరల భాష నేర్చుకొనుటకై మన్యము తిరిగి, జ్వరమునకు వాడిన క్వినైనుచే వినికిడి కోల్పోయిరి. చెవి పోయినను పాఠశాలల వాచకములు పిల్లల కర్థమగు తెలుగులో నుండవలయునని కడదాక పోరాడిరి. (ఆయన కోరిన తెలుగును గాక ఈ పాత ఫక్కినే మేము వ్రాయుచుంటిమన్నది వేఱు సంగతి, ఆ తగవు మఱియొక నాటికి.) ఆయన జన్మదినమగు ఆగష్టు 29ని తెలుగు భాషా దినోత్సవముగ జరుపుకొనుచున్నాము. 2008లో మన భాషకు ప్రాచీనభాష యను హోదా వచ్చినప్పుడు ఊరూర సంబరపడితిమి. హోదా వచ్చిన భాషలో అచ్చయిన పుస్తకము, యంత్రము లోపల జూచిన తెలుగే కాకపోవుటను గూర్చి మాత్రము సభలు జరుగలేదు, తీర్మానములు వెలువడలేదు. మాతృభాషాభిమానము కంటిచూపు గలవారికి మాత్రమే చెందిన యాస్తియా?

చదువగలుగు పుస్తకము దొఱకినచో నేమగునో చూపుటకు మచిలీపట్టణము దగ్గఱి సీతారామపురమున పుట్టుగ్రుడ్డిగా జన్మించిన శ్రీకాంత్ బొల్లగారి చరిత్ర చాలును. పదవ తరగతి మంచి మార్కులతో ముగించిన పిదప సైన్సు చదువ వీలులేదనిరి. న్యాయస్థానమునకు పోయి ఆ యనుమతిని గెలుచుకొనవలసివచ్చెను. పాఠ్యపుస్తకములను ధ్వనిరూపమునకు మార్పించుకొని చదివి నూటికి 98 మార్కులు తెచ్చుకొనెను. అమెరికాలోని ఎమ్.ఐ.టి.లో చదివి వచ్చి 2012లో హైదరాబాదున బొల్లాంట్ పరిశ్రమను స్థాపించెను. 2024లో ఆయన కథను హిందీ చలనచిత్రముగ తీసిరి. జనులు కన్నీరు విడిచి చప్పట్లు కొట్టిరి. మాకు తోచినదేమనగా, ఆ చప్పట్లలో కొంత సిగ్గును కలియవలసియుండెను. ఒక్క విద్యార్థికై పుస్తకములన్నియు మరల చదివి వినిపింపవలసివచ్చుట ఆతని ఘనతయే గాక మన లోపము గూడ. ఆ పుస్తకములు అచ్చునకు పోకమున్నే ఎవరో యొకరు వానిని అక్షరమక్షరము కంప్యూటరులో కూర్చియే యుండిరి గదా! కూర్చిన దానిని దాచిపెట్టి, కాగితము మాత్ర మమ్మి, పిమ్మట దయగల స్వచ్ఛంద సేవకులను పిలిచి, 'బాబూ, దీనిని మరల టైపు చేయుడు, గొంతు పోవువఱకు చదివి రికార్డు చేయుడు' అని ప్రాధేయపడుట! బావిని పూడ్చి, దాహముగొన్నవానికి చలివేంద్రము పెట్టుట యన నిదియే.

చట్టము లేదా? కలదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 2017 ఏప్రిల్ 19 నుండి అమలులో నున్నది. అందలి 17వ నిబంధన, నిర్ణీత ప్రమాణమునకు మించిన వైకల్యము గల విద్యార్థులకు 18 ఏండ్ల వఱకు పుస్తకములను, బోధన సామగ్రిని, తగిన సహాయక పరికరములను ఉచితముగ నీయవలయునని చెప్పుచున్నది. పరికరముతో బాటు పుస్తకములను గూడ నన్న మాటను పాఠకులు గమనింతురు గాక. మన వేదికలమీద మొదటిది మఱచిపోయి రెండవది మాత్రము పంచుచున్నారు. అదే చట్టములోని 42వ నిబంధన అచ్చులోను, ధ్వనిలోను, ఎలక్ట్రానిక్ మాధ్యమములోను వచ్చు విషయములన్నియు అందఱకు అందుబాటగు రూపమున నుండునట్లు చూచు భారమును ప్రభుత్వములపై మోపుచున్నది. గ్రంథహక్కు అడ్డమను సాకును గూడ 2012 నాటి సవరణ తొలగించినది. మఱాకేష్ ఒడంబడికను 2014 జూన్‌లో ప్రపంచ దేశములన్నిటికంటె ముందుగా స్థిరపఱచినది మన భారతదేశమే. సంతకములలో మనము ప్రథములము.

2024 నవంబరు 8న సుప్రీంకోర్టు రాజీవ్ రతూరి వ్యాజ్యమున నిచ్చిన తీర్పు ఈ సంతకముల గుట్టును బయటపెట్టినది. హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయపు వైకల్య అధ్యయన కేంద్రము సమర్పించిన నివేదికను ముందుంచుకొని, అందుబాటు నియమములను విధులుగా గాక సలహాలుగా వ్రాసిన 15వ నియమము చట్టమునకే విరుద్ధమని న్యాయమూర్తులు నిర్ణయించి, తప్పనిసరి నియమములను మూడు మాసములలో చేయుమని యాజ్ఞాపించిరి. శాసనము 'చేసి తీరవలయును' అనుచుండగా, దాని క్రింది నియమము 'చేసిన బాగుండును' అని గొణిగినది. ఆ గొణుగుడు చాటుననే ఏడేండ్లు గడచినవి.

ఇక యాప్‌ల కథ. చదువు నేడు పుస్తకమును దాటి ఫోనులోనికి వచ్చినది. పాఠములు, పరీక్షలు, హాజరు, ఫీజు, ఫలితములు అన్నిటికి నొక యాప్. పాఠ్యపుస్తకముల అంచులలో చతురస్రపు గుర్తు లచ్చువేసి, దానిని ఫోనుతో చూచిన పాఠము వినబడునని దీక్షా యాప్ వచ్చినది. మంచిదే. కాని ఆ గుర్తు పుటలో నెక్కడ నున్నదో చూపులేని బాలునకు చెప్పువా రెవరు? టాక్‌బ్యాక్ పెట్టుకొని ఏదో యొక ట్యూషను యాప్ తెఱచి చూడుడు. నిర్మాత ప్రతి మీటకు పేరు వ్రాసియున్నచో 'తరువాతి పాఠము', 'జవాబు పంపుము' అని వినబడును. వ్రాయనిచో 'బటన్, బటన్, బటన్' అని మాత్రము వినబడును. ఏ బటన్ జవాబును పంపునో, ఏది చెఱపివేయునో ఊహించుకొని నొక్కవలయును. పేరు వ్రాయుట నిర్మాతకు ఎంత పని? ఒక్కొక్క మీటకు రెండు మూడు మాటల పని. అటుపైన లోనికి పోవుటకు, వంకర అక్షరముల బొమ్మను చూచి టైపు చేయుమనును. నీవు యంత్రము గావని ఋజువు చేసికొనుమనును. చూపులేనివాడు మనుష్యుడని ఋజువగుటకు చూపు కావలయునట! ఇట్టి చేష్టయే బ్యాంకులలోను జరిగినది. గుర్తింపునకై కనురెప్ప వాల్చుమని ఫోను కోరగా, ఆమ్లదాడిలో కనురెప్పలు వాల్చు శక్తి కోల్పోయినవారును, అంధులును న్యాయస్థానమున మొఱపెట్టుకొనవలసివచ్చెను. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, డిజిటల్ సేవల అందుబాటు రాజ్యాంగములోని 21వ అధికరణము క్రింద జీవించు హక్కులో భాగమని తీర్పు చెప్పినది.

యాప్ లెట్లుండవలయునో చెప్పు కొలబద్ద లేకపోలేదు. ఐ.ఎస్. 17802 అను భారతీయ ప్రమాణము 2021, 2022 సంవత్సరములలో రెండు భాగములుగ వెలువడినది. 2023లో దానిని హక్కుల నియమావళిలో చేర్చిరి. చట్టమును మీరినవారికి 89వ నిబంధన మొదటి యపరాధమునకు పదివేల రూపాయల వఱకు జరిమానా విధించుచున్నది. కోట్లు గడించు సంస్థకు అది కాఫీ ఫలహారముల ఖర్చు.

చూపులేనివారిని గూర్చియే విస్తరించితిమి. ఈ తెలుగు లిపి వ్యవహారము వారినే మొదట తాకును గనుక. కాని అక్షరములు కంటియెదుట తారుమారగు డిస్లెక్సియా గల బాలునకును చదివి వినిపించు పాఠమే ఊతకఱ్ఱ. చట్టము గుర్తించిన 21 వైకల్యములలో నదియు నొకటి. చేతులు కదలనివాడు మాటతో టైపు చేయగలడు, యాప్ మాట వినునట్లు కట్టబడినచో. వినికిడి లేనివారికై భారతీయ సంకేత భాషా నిఘంటువు 2021 నాటికి పదివేల పదములకు పెరిగినది. పాఠము క్రింద తెలుగు వ్రాత కనబడనిచో ఆ విద్యార్థికి ఉపాధ్యాయుని పెదవులాడుట మాత్రమే మిగులును.

పరీక్షల సంగతి చెప్పక విడువరాదు. చూపులేని విద్యార్థి జవాబు చెప్పగా మఱియొకడు వ్రాయుట మన పద్ధతి. 2018 ఆగష్టులో వెలువడిన కేంద్ర సూత్రములు, అభ్యర్థి స్వయముగ తెచ్చుకొను వ్రాయసకాడు ఆతనికంటె ఒక మెట్టు తక్కువ చదివినవాడై యుండవలయుననెను. మోసము జరుగకుండుటకట. ఫలితమేమి? బి.ఏ. విద్యార్థి అర్థశాస్త్రము చెప్పుచుండ, ఆ మాటలే వినని బాలుడు తోచిన వర్ణక్రమముతో వ్రాయును. మార్కులు పోవునది చెప్పినవానికి. కంప్యూటరుపై తానే వ్రాసికొను వెసులుబాటు ఆ సూత్రములలోనే కలదు. కాని ఏడాది పొడుగున తెలుగును యంత్రముతో చదువనీయక, పరీక్షనాడు యంత్రముతో తెలుగు వ్రాయుమనుట ఈత నేర్పనివానిని గోదావరిలో దింపుట.

మాకు వచ్చు ప్రత్యుత్తరములు మేమెఱుగుదుము. 'వారెంతమంది?' అందురు. 2011 జనాభా లెక్కలలో దేశమున వికలాంగులు 2 కోట్ల 68 లక్షలు. నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 22 లక్షలకు పైన. దేశమంతట వారిలో నూటికి 45 మంది నిరక్షరులు. బడికి రాని దానికి కారణము తామై, రాలేదు గనుక సంఖ్య తక్కువ యని వాదించుట చతురమైన వాదమే. 'యూనికోడ్ ప్రతి యిచ్చిన దొంగముద్రణ పెరుగును' అందురు ప్రచురణకర్తలు. దొంగముద్రాపకునికి యూనికోడ్ ఎందులకు? వాడు పుటలను ఫోటో తీసి జిరాక్సు వేయుచునే యున్నాడు. 2016లో నెలకొల్పబడిన సుగమ్య పుస్తకాలయము అచ్చు చదువలేని సభ్యులకు మాత్రమే ప్రతుల నిచ్చుచున్నది. దొంగకు తెఱచిన తలుపు విద్యార్థికి మూసి ప్రయోజన మేమి?

ఇప్పటి నవ్యవాదము మఱియొకటి: కృత్రిమ మేధ వచ్చినది, బొమ్మను చూచియే చదువును, ఇక యూనికోడ్ గొడవ ఏల యని. బొమ్మనుండి అక్షరమును గ్రహించు సాధనములు దినదినము మెఱుగగుచున్నవి, కాదనము. అయినను పాత అచ్చు, మసకపుట ఎదురైనచో వత్తు జాఱిపోవును, దీర్ఘము ఎగిరిపోవును. కథలో నది యొక నవ్వులాట. రసాయన సమీకరణములో ఒక్క అంకె జాఱినను, గణితములో ఒక్క గుర్తు మాఱినను, చూపులేని విద్యార్థికి సరిచూచుకొను దారి లేదు. తప్పును ఒప్పని కంఠస్థము చేయును. అసలు వ్రాత ముద్రాపకుని కంప్యూటరులో నిక్షేపముగ నుండగా, దాని ఛాయాచిత్రమును చూచి ఊహింప నొక యంత్రమును పిలుచుట ఏ వివేకము? తాళపుచెవి జేబులో నుంచుకొని తలుపు పగులగొట్టు వానిని కూలికి పిలిచినట్లున్నది.

ఇందుకు ధనము పెద్దగా అక్కఱలేదు. అక్కఱయైనది కొనుగోలు పత్రములో రెండు పంక్తులు. పాఠ్యపుస్తకము అచ్చువేయు గుత్త పొందినవాడు కాగితపు ప్రతులతో బాటు యూనికోడ్ మూలప్రతిని ఒప్పగింపవలయును. ఒప్పగింపనిచో బిల్లు చెల్లదు. పాఠశాలకు గాని కళాశాలకు గాని యాప్ అమ్మవచ్చినవాడు, చూపులేని విద్యార్థి యొకడు దానితో నొక పాఠము చదివి, నొక పరీక్ష వ్రాసి, బాగున్నదని చెప్పిన పిమ్మటనే సొమ్ము పొందవలయును. నిపుణుల సంఘములు, ఉపసంఘములు వలదు. వాడువాని నడిగిన చాలును.

పఠనమందిరములకు వచ్చు మహాశయులు చేయదగిన పనియు కలదు. మీ గ్రంథాలయ సంఘము ఏటేట పుస్తకములు కొనుచున్నది. కొనుటకు ముందు ప్రచురణకర్తకు నొక జాబు వ్రాయుడు: ఈ గ్రంథమునకు యూనికోడ్ ప్రతి కలదా, అచ్చు చదువలేని మా సభ్యున కిత్తురా యని. మొదటి జాబునకు ఉత్తరము రాకపోవచ్చును. ఇరువది గ్రంథాలయముల నుండి ఇరువది జాబులు పోయినచో వచ్చును. అమ్మకము పోవునను భయము వారికి బాగుగ తెలిసిన భాష. తమ బిడ్డల బడి యాప్ గలవారు ఈ సాయంకాలమే టాక్‌బ్యాక్ మీట నొక్కి, కన్నులు మూసికొని, హాజరు చూచుకొన ప్రయత్నింపుడు. అయిదు నిమిషముల పని. విసుగుతో ఫోను ప్రక్కన పెట్టకమున్ను ఆ బడికి నొక పంక్తి వ్రాయుడు.

ఉభయ తెలుగు ప్రభుత్వముల విద్యాశాఖలను మేమడుగున దొక్కటే. జూన్ మాసమున బడులు తెఱచునాటికి ఒకటవ తరగతి మొదలు ఇంటర్మీడియట్ వఱకు ఏయే తెలుగు పాఠ్యపుస్తకములు స్క్రీన్ రీడర్ చదువగల యూనికోడ్ రూపమున సిద్ధముగ నున్నవో, అవి యెచ్చట దొఱకునో, తరగతివారీగా పట్టిక ప్రకటింపుడు. బొమ్మల పి.డి.ఎఫ్.లను ఆ పట్టికలో చేర్పవలదు. ఏ పుస్తకము సిద్ధముగ లేదో దాని కెదురుగ 'లేదు' అని వ్రాయుడు. ఎన్నటికి సిద్ధమగునో తేదీ వేయుడు.